ఆరో నంబరు బోదె – తొమ్మిదో భాగం: కొత్త సభ్యురాలి నీళ్ళ పట్టిక

పోయిన వారం మనం దీవెనని కైకలూరులో ఐసు ప్లాంటు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. ఎందుకు నిలబడిందో మరచిపోయినవాళ్ళకీ, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్పేస్తాను. దీవెన తాడేపల్లిగూడెంలో సైన్సు టీచరు ఉద్యోగం మానేసి, భర్త విజయ్ కుమార్‌తో కలిసి ఆరో నంబరు బోదె అనే పంటకాలవ మీద నాలుగెకరాల రొయ్యల చెరువు కౌలుకి తీసుకుంది. అందరిలాగే ‘కొల్లేటి వేదిక’లో చేరింది. అది ఫోన్లో నడిచే రొయ్య రైతుల సంఘం. సీడు అనే రొయ్య పిల్లలు, మేత, ఐసు, రొయ్య పట్టే పట్టుబడి రోజు వలవాళ్ళు, లారీ, అన్నీ అక్కడే కుదురుతాయి. ఆదివారం పొద్దున్న ఆమెకి తమ చెరువు అంచున నాలుగు చచ్చిన రొయ్యలు కనబడ్డాయి. తలల మీద తెల్ల మచ్చలు, నీళ్ళ వెంట చెరువు నుంచి చెరువుకి పాకే జబ్బు గుర్తు. ఫొటో తీసి వేదికలో పెట్టింది. ఆ ఫొటోలో వెనకాల, పక్క చెరువు బుల్లిరాజు గారి నీలం రంగు ఇంజను షెడ్డు కూడా పడింది. మధ్యాహ్నానికల్లా ఆయన పట్టుబడికి రావలసిన లారీ దారిలోనే వెనక్కి తిరిగింది. సోమవారం పదకొండు గంటలకి ఐసు ప్లాంటు మీది గదికి వచ్చి సంజాయిషీ చెప్పుకోమని వేదిక పెద్దల నుంచి కబురొచ్చింది.

ఇక మెట్లెక్కుదాం.

ఐసు ప్లాంటు మీది గది ఎప్పుడూ సన్నగా అదురుతూ ఉంటుంది. కింద కంప్రెసర్లు ఆడుతున్నంతసేపూ బల్ల మీది టీ గ్లాసులు కూడా అదురుతాయి. దీవెన గుమ్మం దగ్గర ఆగి లోపలికి చూసింది. గదిలో ముగ్గురున్నారు. బల్ల వెనక చంద్రకళ గారు. పాతికేళ్ళుగా చెరువులు చేస్తున్న మనిషి, ఎనిమిదేళ్ళ కిందట ఈ వేదిక పెట్టింది ఆవిడే. ఆవిడ పక్కన కిరణ్ కుమార్. మేత కొట్టు నడుపుతాడు, వేదికలో కొత్తవాళ్ళ బాగోగులు చూసే బాధ్యత అతనిది. కిటికీ దగ్గర బుల్లిరాజు గారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, ఆయన మాత్రం నిలబడే ఉన్నారు.

“కూర్చోమ్మా” అన్నారు చంద్రకళ గారు.

“కూర్చోడానికి వచ్చిందేంటండీ ఆవిడ?” అన్నారు బుల్లిరాజు గారు, కిటికీలోంచి తల తిప్పకుండానే.

దీవెన కూర్చోలేదు.

చంద్రకళ గారు ఫోనులో ‘కొత్తగా చేరినవారికి’ అన్న పేజీ తీశారు. ఆ పేజీ చదివితే కొత్తవాళ్ళకి సగం ఉత్సాహం అక్కడే చల్లారిపోతుంది. మొదటి రోజు పేరు, ఊరు, ఏ బోదె నీళ్ళు వాడుతున్నారో రాసి నమస్కారం పెట్టాలి. అర్జెంట్ అన్న మాట రాయకూడదు, చెరువుల పనిలో అందరిదీ అర్జెంటే. తన సీడు గొప్పని చెప్పుకోకూడదు. పక్కవాడి చెరువు గురించి నోరెత్తకూడదు. అరవై రోజుల పాటు రోజూ పొద్దున్నే తూము దగ్గర బోదె నీళ్ళు ముంచి రంగు చూసి, మీటరుతో ఉప్పు కొలిచి, వేదికలో పట్టిక రాయాలి. చచ్చిన రొయ్య ఫొటో పెట్టవలసి వస్తే అరచేతిలో పెట్టుకుని తియ్యాలి, వెనకాల చెట్టూ పుట్టా ఏదీ కనబడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫొటో వేదిక మీదికి రాకముందే అదే బోదె మీదున్న ప్రతి రైతుకీ ఆ సంగతి చెప్పి ఉండాలి. ఈ ఆఖరి నియమాన్ని చంద్రకళ గారు ఎర్ర అక్షరాల్లో పెట్టించారు.

“ఇది చదివావా?”

“చదివానండీ. రెండుసార్లు చదివాను.”

“చదివి కూడానా!” బుల్లిరాజు గారు అప్పుడు తిరిగారు. ఎండకి కమిలిన మొహం, రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “అయిదు నెలల పంటమ్మా నాది. నిన్న పొద్దున్న వలవాళ్ళు వచ్చి గట్టు మీద టిఫిన్లు కూడా చేసేశారు. ఐసు దిగిపోయింది. లారీ ఏదిరా అంటే ఆకివీడు దగ్గర్నుంచి తిప్పేశారంట. ఎందుకు తిప్పార్రా అంటే, మీ చెరువులో తెల్ల మచ్చ వచ్చిందంట కదండీ అని వాళ్ళు నన్నే అడుగుతున్నారు!”

“నేను మీ పేరు రాయలేదండీ బాబాయి గారూ. మా చెరువనే రాశాను.”

“పేరెందుకమ్మా? ఆ నీలం షెడ్డు ఈ చుట్టుపక్కల ఎవరికి తెలీదు? మా తోడల్లుడు నల్లజర్ల నుంచి ఫోన్ చేసి, నీ రొయ్య పోయిందంట కదా బావా అని పరామర్శ చేశాడు. నల్లజర్లలో నిమ్మతోట చేసుకునేవాడికి తెలిసిపోయింది. గట్టు ఇవతలున్న నాకు మాత్రం తెలీదు!”

దీవెన తల వంచుకుంది. ఆ షెడ్డు తన కంటికి కనబడలేదంటే ఎవరూ నమ్మరు. నిజానికి ఆ క్షణంలో ఆమెకి ఆ నాలుగు రొయ్యలు తప్ప లోకంలో ఇంకేమీ కనబడలేదు.

“మీకు ఫోన్ చేశానండీ” అంది. “రెండుసార్లు చేశాను. మీరు ఎత్తలేదు. అందుకని మెసేజ్ పెట్టాను.”

“మెసేజ్ పెట్టావా?” బుల్లిరాజు గారు చంద్రకళ గారి వైపు తిరిగారు. “విన్నారాండీ? మెసేజ్ పెట్టిందంట.”

కిరణ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. “ఎన్నింటికి పెట్టారండీ ఆ మెసేజ్?”

“ఏడూ పదికండీ.”

“వేదికలో ఫొటో?”

“ఏడూ ఇరవైకి.”

“పది నిమిషాలు” అన్నాడు కిరణ్ కుమార్, ఎవరితోనూ కాకుండా.

“నీ చెరువు గట్టు చివరికి నడిచి వస్తే రెండు వందల అడుగులమ్మాయ్” అన్నారు బుల్లిరాజు గారు. ఆయన గొంతు తగ్గింది. అరిచినప్పటి కంటే ఇప్పుడే దీవెనకి ఎక్కువ భయం వేసింది. “నేను అక్కడే ఉన్నాను. మోకాలు లోతు నీళ్ళలో నిలబడి చెక్ ట్రే ఎత్తుకుని రొయ్య ఎంత మేసిందో చూసుకుంటున్నాను. ఫోన్ షెడ్డులో ఉంది. మా వైపు ఎవరి చెరువులో చావు కనబడినా ఏం చేస్తారో తెలుసా? నా గట్టు తొక్కకూడదు. తొక్కితే నీ కాళ్ళకున్న తడి నా చెరువులోకి వస్తుంది. నీ గట్టు చివర నిలబడి, చెప్పులు విప్పి, కేకెయ్యాలి. నేను విన్నానని చెయ్యి ఎత్తేదాకా నువ్వు కదలకూడదు. నేను పరుగెత్తుకెళ్ళి తూము మూసుకుంటాను. తర్వాత నువ్వు ఊరంతా చాటింపు వేసుకో, నాకు అక్కర్లేదు.”

దీవెనకి అప్పుడు అర్థమైంది. స్కూల్లో ఏడేళ్ళు పని చేసింది. హెడ్మాస్టరు గారు టీచర్ల గ్రూపులో ఒక ముక్క పెడితే అందరికీ చెప్పినట్టే లెక్క. చూడకపోతే చూడనివాళ్ళదే తప్పు. ఆ లెక్కనే ఇక్కడికీ తెచ్చుకుంది. ఎర్ర అక్షరాల్లో చెప్పాలి అని ఉంటే, పంపించడమే చెప్పడం అనుకుంది. ఒక మనిషి చెయ్యి ఎత్తేదాకా ఎండలో నిలబడడమే చెప్పడమని ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేర్పకపోయినా సిగ్గు సిగ్గే. మెడ దాకా వేడెక్కిపోయింది.

“తప్పేనండీ” అంది. “మీకు చెప్పకుండా పెట్టడం తప్పే. షెడ్డు పడకుండా చూసుకోకపోవడమూ తప్పే. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.”

అంత సూటిగా ఒప్పుకుంటుందని బుల్లిరాజు గారు అనుకోలేదు. తిట్టడానికి మిగిలించుకున్నవి ఇంకా చాలా ఉన్నట్టున్నాయి. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

“ఒప్పుకున్నారు కదండీ మేడమ్” అన్నాడు కిరణ్ కుమార్. “ఇంక మాటలెందుకు? తీసేద్దాం. మిగతావాళ్ళకి కూడా బుద్ధొస్తుంది.”

తీసేద్దాం అన్న మాట అతను బియ్యంలో రాయి తీసేసినంత తేలిగ్గా అన్నాడు. దీవెనకి ఆ మాటకి అర్థం తెలుసు. వేదికలో పేరు లేని చెరువుకి ఐసు రాదు. వలవాళ్ళు రారు. లారీ అసలే రాదు. తెల్ల మచ్చ వచ్చిన చెరువులో ఇవాళో రేపో పట్టుబడి చేస్తే బతికున్న రొయ్యంతా దక్కుతుంది. ఆలస్యమైతే ఎల్లుండి పొద్దున్నకి మొత్తం తేలిపోతుంది. విజయ్ ఆటో అమ్మేసి మరీ దిగిన చెరువది. ఇద్దరూ యాభై రోజులుగా వంతులవారీగా నిద్రపోతున్నారు.

“రెండు రోజులు ఆగండి మేడమ్” అంది. “పట్టుబడి అయ్యాక తీసెయ్యండి. నేనే రాసిస్తాను. రెండే రెండు రోజులు.”

చంద్రకళ గారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. ఆవిడది తొందరపడే స్వభావం కాదు. “అసలు జబ్బు నీ చెరువులోకి ఎలా వచ్చిందమ్మా? సీడు టెస్టు చేయించావా?”

“చేయించానండీ. ల్యాబు రిపోర్టు ఉంది. అంతా బాగుందనే వచ్చింది.”

“నీళ్ళు ఎప్పుడు పెట్టావు?”

“బుధవారం పొద్దున్న. ఎండలకి అరడుగు తగ్గిపోతే తూము ఎత్తి బోదె నీళ్ళు పెట్టాను.”

“పట్టిక రాస్తున్నావా?”

“రోజూ రాస్తున్నానండీ. ఇవాళ్టికి యాభై రెండు రోజులు.”

కిరణ్ కుమార్ పెదవి విరిచాడు. కొత్తవాళ్ళ నీళ్ళ పట్టికలంటే వేదికలో ఎవరికీ లెక్క లేదు. రాయడం కొత్తవాళ్ళ వంతు, చదవడం ఎవరి వంతో ఎవరికీ తెలీదు. చాలామంది పది రోజులు రాసి, ఆ తర్వాత నిన్నటి అంకెలే ఇవాళా దింపేస్తారు. దీవెన మాత్రం టీచరు కదా, రికార్డు బుక్కు రాయించిన చెయ్యి. తేదీ, టైము, నీళ్ళ రంగు, ఉప్పు, అన్నీ గళ్ళు గీసినట్టు రాసింది.

చంద్రకళ గారు ఆ పట్టిక తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు నెమ్మదిగా చదివారు. “సోమవారం, ఉప్పు ఒకటి. మంగళవారం, ఒకటి. బుధవారం...” అని ఆగారు. ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నారు. “బుధవారం, ఆరు. రంగు ముదురాకుపచ్చ. నురగ ఉంది. గురువారం, అయిదు. శుక్రవారం, రెండు.”

కిటికీ దగ్గర బుల్లిరాజు గారు మెల్లగా ఇటు తిరిగారు. కింద కంప్రెసర్ ఒకటి ఆగినట్టుంది, గదిలో అదురు కొంచెం తగ్గింది.

“బోదెలో ఉప్పు ఆరా?” అన్నారాయన.

బోదె నీళ్ళు తియ్యటివి. రొయ్య కోసం బోరు నీళ్ళు తోడిన చెరువులోనే ఉప్పు ఉంటుంది. బోదెలో అంత ఉప్పు, ఆ రంగు, ఆ నురగ కనబడ్డాయంటే ఎగువన ఎవరో చెరువు నీళ్ళు వదిలేశారన్నమాటే. ఈ సంగతి ఆ గదిలో దీవెనకి తప్ప మిగతా ముగ్గురికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. జబ్బు చేసిన చెరువైతే బ్లీచింగ్ వేసి, వారం పది రోజులు నీళ్ళు నిలగట్టి, అప్పుడు గానీ వదలకూడదని కూడా తెలుసు.

“ఆరు చూసి కూడా తూము ఎత్తావా అమ్మాయ్?” అన్నారు బుల్లిరాజు గారు. ఈసారి కోపం కంటే జాలి ఎక్కువ వినబడింది.

“రొయ్యకి ఉప్పు మంచిదే కదా అనుకున్నానండీ.” దీవెనకి ఏడుపొచ్చింది. ఆపుకుంది. “అయినా అనుమానం వచ్చి, పట్టిక కింద ప్రశ్న కూడా రాశాను. చూడండి మేడమ్, అక్కడే ఉంటుంది. ఉప్పు ఒక్కసారి ఎందుకు పెరిగింది, ఇవాళ తూము ఎత్తవచ్చా అని అడిగాను. రెండు గంటలు చూశాను. ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఎండ ముదిరిపోతోందని ఎత్తేశాను.”

చంద్రకళ గారు వేలితో కిందికి జరిపి చూశారు. ప్రశ్న ఉంది. దాని కింద ఖాళీగా ఉంది. ఆవిడ తలెత్తి కిరణ్ కుమార్ వైపు చూశారు.

“కొత్తవాళ్ళ ప్రశ్నలు ఎవరు చూడాలి కిరణ్?”

“ఆ రోజు ఏలూరులో డీలర్ల మీటింగు ఉందండీ మేడమ్” అన్నాడతను. టీ గ్లాసు ఎత్తి చూసుకున్నాడు. అందులో టీ లేదు.

దీవెనకి ఒళ్ళు మండింది. ఇందాకటి నుంచి తలవంచుకుని నిలబడిన మనిషి మొదటిసారి తలెత్తింది. “నేను నియమం తప్పానండీ, ఒప్పుకున్నాను. యాభై రెండు రోజులు రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి తూము దగ్గర నీళ్ళు ముంచి రాసింది కూడా మీ నియమమే కదండీ? అది నేను ఒక్క రోజు తప్పలేదు. ఒక్క మనిషి చదివి, ఎత్తకమ్మా అని ఒక్క మాట రాసుంటే ఇవాళ నేనిక్కడ నిలబడేదాన్ని కాదు. బాబాయి గారి లారీ తిరిగి వెళ్ళేదీ కాదు.”

బుల్లిరాజు గారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

దీవెన ఆయన వైపు చూసింది. బోదె మీద తనకి ఎగువన ఉన్న చెరువు ఆయనదే. ఆ చూపులో ఏముందో ఆయనకి వెంటనే తెలిసిపోయింది.

“నా వైపు చూడకమ్మాయ్. మంగళవారం నుంచి గురువారం దాకా నేను మా ఆవిడ కంటి ఆపరేషనుకి ఏలూరులో ఉన్నాను. వచ్చేసరికి నా చెరువులో నీళ్ళు అంగుళం తగ్గలేదు. గట్టు మీద గుర్తు కర్ర పాతుకున్నాను, నువ్వే వచ్చి చూసుకో. నేను బోదె నీళ్ళు పెట్టి ఇరవై రోజులైంది కాబట్టే నా రొయ్య బతికింది.”

“మరి మీ పైన ఉన్న చెరువు ఎవరిదండీ? ఆ కొబ్బరి మొక్కలున్నది?”

చాలా మామూలు ప్రశ్న. కొత్తగా వచ్చిన మనిషి, తెలియక అడిగింది. కిరణ్ కుమార్ గోడ మీది మేత కంపెనీ క్యాలెండరు చూడడం మొదలుపెట్టాడు. బుల్లిరాజు గారు తన అరచేతులు చూసుకున్నారు. దీవెన ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసింది. ఈ గదిలో తనకి తప్ప అందరికీ తెలిసిన సంగతేదో ఉందని ఆమెకి అర్థమైంది.

“మాది” అన్నారు చంద్రకళ గారు.

ఫోన్ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ మొహం చూస్తే, ఆ అంకెలు చదువుతున్నప్పుడు అవి ఎక్కడికి దారి తీస్తాయో ఆవిడకి తెలియదనే అనిపించింది. “మా తమ్ముడు గోపీచంద్ చూసుకుంటాడు. నేను అటు వెళ్ళి నెల రోజులైంది. వాడిని అడుగుతాను. మీ అందరి ముందే అడుగుతాను” అని నంబరు నొక్కి, ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకరు వేశారు.

రెండు రింగులకే అవతల ఎత్తారు.

“చెప్పక్కా. అయిపోయిందా? తీసేశారా ఆ అమ్మాయిని?”

“గోపీ, బుధవారం...”

“తీసేసేటప్పుడు ఆవిడ రాసిన నీళ్ళ అంకెలున్నాయి చూడు, అవి కూడా పోతాయి కదా? కిరణ్‌ని ఒకసారి కనుక్కో. అవి అక్కడ ఉండకూడదక్కా. నీకు తర్వాత అన్నీ చెప్తాను. నేను బయట పని మీదున్నాను” అని అతను పెట్టేశాడు.

ఎవరూ చదవని ఆ పట్టికని ఒక్క మనిషి మాత్రం రోజూ చదువుతున్నాడు. చదవవలసిన అవసరం అతని ఒక్కడికే ఉంది.

బుల్లిరాజు గారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. “చంద్రకళమ్మా, ఇంకేం కావాలండీ? సొంత నోటితో చెప్పాడు కదా.”

“ఏం చెప్పాడండీ?” అన్నారు చంద్రకళ గారు. గొంతులో తడి లేదు. “అంకెలు ఉండకూడదన్నాడు. నీళ్ళు వదిలానని అన్నాడా?”

దీవెన నమ్మలేకపోయింది. వేదికలో చేరిన మొదటి రోజు ఈవిడ రాసిన పేజీ చదివి, ఇంత నికార్సయిన మనిషి ఉన్న చోట మనకి అన్యాయం జరగదని విజయ్‌తో చెప్పింది తనే. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

“అమ్మా దీవెనా” అన్నారు చంద్రకళ గారు. ఆమె కళ్ళలోకి చూడలేదు. “పొరుగువాళ్ళకి చెప్పకుండా ఫొటో పెట్టినవాళ్ళు వేదికలో ఉండరు. ఈ నియమం నేను నీ కోసం పెట్టింది కాదు. ఎనిమిదేళ్ళలో ఏడుగురిని తీశాను. అందులో నా మేనకోడలు ఒకతి. నువ్వు తప్పు ఒప్పుకున్నావు. ఇందులో నేను చెయ్యగలిగింది లేదు.”

“మరి జబ్బు నీళ్ళు బోదెలోకి వదిలినవాళ్ళకి నియమం లేదాండీ?”

“ఉంది. దానికి రుజువు కావాలి.”

“రుజువు నా పట్టికే కదండీ!”

ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు తెర మీద ఒక్క క్షణం ఆగింది. బుల్లిరాజు గారు “వద్దండీ, ఆగండి” అంటూ చెయ్యి చాపారు. ఆ క్షణంలోనే దీవెన ఫోన్ చిన్నగా మోగింది. ‘మీ సభ్యత్వం రద్దు చేయడమైనది’ అని ఒకే ఒక్క వాక్యం. పట్టిక తెరవబోతే తెర తెల్లగా వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తెలుపే.

“సభ్యత్వం పోతే రాసినవన్నీ పోతాయండీ” అన్నాడు కిరణ్ కుమార్, నేల చూపులు చూస్తూ.

చంద్రకళ గారు కళ్ళజోడు తీసి బల్ల మీదే వదిలేసి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

దీవెన మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. బయట ఎండ మొహాన కొట్టింది. ఐసు దిమ్మలు ఎక్కించుకుంటున్న ఆటోల మధ్య తన స్కూటీ ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటుంటే వెనక చెప్పుల చప్పుడైంది. బుల్లిరాజు గారు గబగబా దిగి వస్తున్నారు.

“ఆగమ్మాయ్. నీ మీద కోపం పోయిందనుకోకు. అది ఉంది, తర్వాత తీరిగ్గా తిడతాను. ముందు ఈ పని చూడు.” ఆయాసంగా ఉంది ఆయనకి. “అంకెలు ఫోన్లో పోతే పోయాయి. నీకు గుర్తున్నాయా?”

“గుర్తున్నాయండీ. ముందు నోటుబుక్కులో రాసుకునే ఫోన్లో ఎక్కిస్తాను. బుక్కు ఇంట్లో ఉంది.”

బుల్లిరాజు గారి మొహం వెలిగింది. “శభాష్. అయితే విను. రొయ్య కొనేవాళ్ళలో వేదికతో పని లేకుండా నా మాట మీద నడిచేవాళ్ళు నలుగురున్నారు. ఆ బుక్కు వాళ్ళ ముందు పెట్టి, బోదెలో ఇంత ఉప్పు ఈ తేదీని చూశానని నువ్వు నీ నోటితో చెప్పు. ఆవిడ పైకి చదివినప్పుడు విన్నానని నేను చెప్తాను. సాయంత్రానికి నీ గట్టు మీదికి లారీ వస్తుంది, నా గట్టు మీదికీ వస్తుంది. గోపీచంద్‌ని వదిలేస్తే ఈ ఏడాది మనం, వచ్చే ఏడాది కింద ఉన్నవాళ్ళు. నువ్వు నిలబడితే నేను నీ పక్కన నిలబడతాను. నువ్వు వెనక్కి తగ్గావో, నేను ఒక్కణ్ణీ ఆ అక్కాతమ్ముళ్ళ ముందు అబద్ధాలకోరునైపోతాను. మాటివ్వు.”

“నిలబడతానండీ బాబాయి గారూ” అంది దీవెన. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి నిండుగా తీసుకుంది.

ఫోన్ మోగింది. విజయ్.

“దీవెనా, ఎక్కడున్నావు? నీ ఫోన్ కలవడం లేదు ఇందాకటి నుంచి!” విజయ్ గొంతులో సంతోషం పట్టలేనట్టు ఉంది. వెనక ఏరేటర్ల చప్పుడు, మనుషుల కేకలు. “మన గట్టు మీద లారీ ఉందే! వలవాళ్ళు దిగిపోయారు. మొదటి వల లాగేస్తున్నారు. రొయ్య ఇంకా బతికే ఉంది దీవెనా, చాలా వరకు బతికే ఉంది.”

“లారీ ఎవరు పంపారు?” అంది.

“పై చెరువాయన, గోపీచంద్ గారు. తెలీదూ? పొద్దున్నే వచ్చాడు. పాపం మన కష్టం చూసి తనే అన్నీ మాట్లాడి తీసుకొచ్చాడు. ఇప్పుడు కూడా ఇక్కడే ఉన్నాడు, వాళ్ళక్క గారితో ఫోన్ మాట్లాడి వచ్చాడు.” అతని గొంతు కొంచెం తగ్గింది. “ఒక కాయితం మీద సంతకం అడిగాడు. మన ఉప్పు మీటరు నెల రోజులుగా పాడైపోయిందని, నువ్వు రాసిన అంకెలన్నీ తప్పులని. నీ నోటుబుక్కు కూడా చూపించమంటే ఇచ్చాను, ఇంకా అతని దగ్గరే ఉంది. అంకెలదేముంది దీవెనా, రొయ్య దక్కుతోంది కదా? కౌలు నా పేరు మీదే ఉంది కాబట్టి నా సంతకం చాలన్నాడు. పెట్టేశాను.”

దీవెన ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని ఉండిపోయింది. అవతల వలవాళ్ళు రెండో వలకి కేకలు పెట్టుకుంటున్నారు. యాభై రెండు రోజులు ఆ కేకల కోసమే ఎదురుచూసింది.

బుల్లిరాజు గారు అప్పటికే ఆమె స్కూటీని ఆటోల మధ్య నుంచి బయటికి లాగి, సీటు మీది దుమ్ము తన తువ్వాలుతో దులుపుతున్నారు.

“ఏమంటున్నాడమ్మా మీ ఆయన?” అన్నారు. “బుక్కు తీసి పెట్టమని చెప్పావా?”